ఎవరి ఫోను వాళ్లదైన ఇంట్లో పిల్లల మాట ఎవరు వింటారు?

ప్రశ్న: మాకు 11 ఏళ్ల బాబు, 4 ఏళ్ల పాప. సాయంత్రం అయ్యేసరికి నలుగురం ఇంట్లోనే ఉంటాం, కానీ ఎవరి ఫోను వాళ్లది. ఆట మధ్యలో ఫోను తీసుకుంటే బాబు తలుపులు బాదుతున్నాడు, తర్వాత మాతో మాట్లాడడం మానేస్తున్నాడు. పాప వీడియో పెడితే తప్ప అన్నం తినదు. మావారు ఆఫీసు మెసేజీలంటూ రాత్రి దాకా ఫోనులోనే ఉంటారు, 'ఈ కాలం పిల్లలు ఇంతే' అంటారు. అన్నాచెల్లెళ్లు కలిసి ఆడుకోవడం చూసి చాలా కాలమైంది. ఫోన్లన్నీ తీసేయాలా? అసలు రోజుకు ఎన్ని గంటలైతే పర్వాలేదు?

సమాధానం:

అమ్మా, గంటల లెక్క ముందు చెప్పేస్తాను. అది పక్కకు తీస్తే గానీ అసలు విషయంలోకి వెళ్లలేం. 5 ఏళ్ల లోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచనలు ఇచ్చింది. 2 ఏళ్లు నిండేవరకు కూర్చోబెట్టి తెర చూపించడం వద్దు, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు, ఇంకా తగ్గితే మంచిది. మీ పాపకు ఇది వర్తిస్తుంది. మీ బాబు వయసుకు మాత్రం అందరూ ఒప్పుకున్న అంకె లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సూచనల్లో కూడా 6 ఏళ్లు దాటిన పిల్లలకు ఇన్ని గంటలని గీత గీయలేదు. ఇంట్లో ఒక నిలకడైన హద్దు ఉండాలని, తెర వల్ల నిద్ర, ఆటలు, మిగతా పనులు పోకుండా చూసుకోవాలని మాత్రమే చెప్పింది.

గంటలు లెక్కపెట్టడంలో చిక్కు ఏమిటంటే, అది పిల్లల చేతిలో ఉన్న ఫోనునే చూస్తుంది. మన చేతిలో ఉన్నదాన్ని వదిలేస్తుంది. ఏళ్ల తరబడి పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడే పనిలో ఉన్నదాన్నిగా నాకు గట్టిగా అనిపించేది ఒకటి. పిల్లలకు జరిగే నష్టంలో పెద్ద భాగం తెరలో కనిపించే దానివల్ల కాదు, పిల్లలు పలకరించినప్పుడు ఇంట్లో ఎవరూ తిరిగి పలకకపోవడం వల్ల. ఇది మాటవరసకు అనడం లేదు. దీని వెనుక చాలా గట్టి పరిశోధన ఉంది.

1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశారు. తల్లి తన పసిబిడ్డతో కాసేపు మామూలుగా ఆడుతుంది. తర్వాత ఒకటి రెండు నిమిషాలు బిడ్డకు ఎదురుగానే కూర్చుంటుంది, కానీ ముఖంలో ఏ కదలికా లేకుండా. బిడ్డ మొదట నవ్వుతుంది. చేతులు చాస్తుంది. కేక పెడుతుంది. అమ్మను తిరిగి తన వైపు తిప్పుకోవడానికి తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగిస్తుంది. ఏదీ పనిచేయకపోతే మొహం తిప్పేసుకుంటుంది, లేదా ఏడుపు అందుకుంటుంది. అమ్మ ఎక్కడికీ వెళ్లలేదు, కోప్పడలేదు. స్పందించలేదు, అంతే. చాలా కాలం తర్వాత వేరే పరిశోధకులు తల్లి చేతికి ఫోను ఇచ్చి దాదాపు ఇదే పద్ధతిలో చూశారు. అమ్మ ఫోనులో ఉన్నంతసేపు పిల్లల్లో చిరాకు పెరిగింది, చుట్టూ ఉన్న బొమ్మల మీద ఆసక్తి తగ్గింది.

మాటలు నేర్చుకోవడం మీద జరిగిన మరో పరిశోధన 2017లో వచ్చింది. 2 ఏళ్ల పిల్లలకు వాళ్ల తల్లులు రెండు కొత్త మాటలు నేర్పాలి. ఒక మాట నేర్పుతుండగా మధ్యలో ఫోను మోగుతుంది, తల్లి మాట్లాడి వచ్చి మళ్లీ మొదలుపెడుతుంది. రెండో మాటకు అలాంటి అడ్డు ఉండదు. రెండు మాటలూ పిల్లల చెవిన పడింది సమానంగానే. అయినా అడ్డు లేని మాటే వాళ్లకు వచ్చింది, ఫోను మోగినప్పటి మాట రాలేదు. తల్లులు చేసిన తప్పేమీ లేదు, ఫోను వస్తే ఎవరైనా తీస్తారు. తెగింది ఆ వరస. పిల్ల చూపు, అమ్మ చూపు ఒకదాని మీద నిలిచి, మాట అటూ ఇటూ సాగుతున్న వరస.

అలాగని తెర అంటేనే కీడు అనుకోకండి. పసిపిల్లలు భాష నేర్చుకునే తీరును అధ్యయనం చేసే ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో 9 నెలల అమెరికన్ పిల్లలకు చైనా భాష వినిపించారు. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడారు, కొందరికి అవే మాటలు వీడియోలో చూపించారు. మొదటి గుంపు పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాలను పట్టుకున్నారు. వీడియో చూసిన వాళ్లకు ఏమీ అంటలేదు. అయితే 2014లో వచ్చిన మరో పరిశోధనలో, 2 ఏళ్ల పిల్లలు వీడియో కాల్‌లో మాట్లాడిన మనిషి నుంచి కొత్త మాటలు నేర్చుకోగలిగారు. ముందే రికార్డు చేసిన వీడియో నుంచి నేర్చుకోలేకపోయారు. రెండూ తెరలే. వీడియో కాల్‌లోని మనిషి పిల్ల చూసిన వైపు చూస్తుంది, పిల్ల అడిగితే చెబుతుంది, పిల్ల నవ్వితే నవ్వుతుంది. అందుకే 18 నెలల లోపు పిల్లలకు కూడా వీడియో కాల్స్‌కు మాత్రం వైద్యులు మినహాయింపు ఇచ్చారు. దూరాన ఉన్న అమ్మమ్మ, తాతయ్యలతో మీ పిల్లలు రోజూ మాట్లాడుతున్నా ఆ సమయాన్ని ఏ లెక్కలోనూ వేయకండి.

ఇక మీ ఇంటి సంగతి. ముందు పెద్దవాళ్ల నుంచి మొదలుపెడతాను.

నా గది బయట కూర్చునే చోట ఒకసారి గమనించింది చెబుతాను. ఒక తండ్రి, అతని కూతురు. ఆ పిల్లకు ఏడేళ్లు ఉంటాయేమో. పాప కింద కూర్చుని బొమ్మ వేస్తోంది. కాగితం ఎత్తి 'నాన్నా, చూడు' అంది. తండ్రి తెర మీదినుంచి చూపు తీయకుండా 'బాగుంది' అన్నాడు. పాప కాగితం తిప్పి చూసుకుని, ఇంకేదో రంగు వేసి, ఈసారి మోకాలి మీద తట్టి చూపించింది. 'ఊఁ, బాగుంది తల్లీ.' మూడోసారి ఆ పిల్ల కాగితం ఎత్తలేదు. తండ్రి ముఖం వైపు కాసేపు చూసి, తానే కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. గొడవ లేదు, ఏడుపు లేదు. ఆ తండ్రికి కూతురంటే ప్రాణమని ఆ తర్వాత గంటసేపు మాట్లాడితే నాకు తెలిసింది. కూతురు ఈ మధ్య ఏమీ చెప్పడం లేదన్నదే ఆయన బాధ కూడా.

పిల్లలు అడగడం మానేయడం ఇలాగే జరుగుతుంది. ఒక్క రోజులో కాదు. పెద్దవాళ్ల ఫోను కుటుంబం మధ్యలోకి ఇలా చొరబడడాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేసిన బ్రాండన్ మెక్‌డానియల్ లాంటి పరిశోధకులు గమనించిన ఒక సుడి ఉంది. పిల్లవాడు మొండితనం చేస్తే తల్లిదండ్రులు విసిగి ఫోనులోకి పోతారు. వాళ్లు ఫోనులోకి పోతే పిల్లవాడు ఇంకా మొండికేస్తాడు. ఏది ముందు, ఏది తర్వాత అని వేరు చేయడం కష్టం, రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. దాన్ని ఆపగలిగేది పెద్దవాళ్లే. ఆ పని 11 ఏళ్ల వాడి మీద పెట్టడం అన్యాయం.

మీ వారికి ఒక మాట. ఆఫీసు పని నిజమే, కాదనను. కానీ పిల్లల వైపు నుంచి చూడండి. నాన్న పుస్తకం పట్టుకుంటే చదువుతున్నాడని తెలుస్తుంది. సుత్తి పట్టుకుంటే ఏదో బాగుచేస్తున్నాడని తెలుస్తుంది. ఫోను పట్టుకుంటే ఏం చేస్తున్నాడో పిల్లలకు కనబడదు. పై అధికారికి జవాబు రాస్తున్నా, కరెంటు బిల్లు కడుతున్నా, ఊరికే వీడియోలు చూస్తున్నా బయటికి ఒకేలా ఉంటుంది. పిల్లలకు అర్థమయ్యేది ఒక్కటే, నాకన్నా అందులో ఉన్నదేదో ముఖ్యం అని. అందుకని ఫోను తీసినప్పుడు పైకి చెప్పమనండి. 'ఆఫీసు నుంచి ఒక మెసేజీ వచ్చింది, జవాబు రాసి పెట్టేస్తాను.' రాశాక నిజంగానే పక్కన పెట్టాలి. ఇలా నోటితో చెప్పడం మొదలుపెట్టిన పెద్దవాళ్లు చాలామంది రెండు మూడు రోజుల్లోనే నాతో అనే మాట ఒకటుంది: చెప్పడానికి కారణమే దొరకనప్పుడు కూడా ఎన్నిసార్లు తీస్తున్నామో అప్పుడు తెలిసింది అని. రాత్రి పని తప్పనిసరి అయితే దానికొక వేళ, ఒక కుర్చీ పెట్టుకోమనండి. ఆ కుర్చీలో ఉన్నప్పుడు నాన్న ఆఫీసులో ఉన్నట్టు, లేచాక ఇంట్లో ఉన్నట్టు. సగం ఇక్కడ, సగం అక్కడ ఉండే నాన్న కన్నా ఒక గంట పూర్తిగా లేని నాన్నను పిల్లలు సులువుగా భరిస్తారు.

ఈ సంభాషణ మీ ఇద్దరి మధ్యే జరగాలి, పిల్లల ముందు కాదు. పిల్లల ముందు జరిగితే ఫోను మీ ఇద్దరి తగాదాలో ఆయుధమవుతుంది, బాబు ఏ పక్షాన ఉంటాడో నేను చెప్పనక్కర్లేదు.

బాబు సంగతికి వస్తాను. తలుపులు బాదడం తప్పే, ఆ మాట వాడికి చెప్పాలి కూడా. కానీ ఏ క్షణంలో ఫోను తీసుకున్నారో చూడండి. ఈ వయసు పిల్లలు ఆడే ఆటల్లో చాలావరకు జట్టుగా ఆడేవి. మధ్యలో వెళ్లిపోతే వాడొక్కడే ఓడిపోడు, జట్టంతా ఓడిపోతుంది. కొన్ని ఆటల్లో మధ్యలో వదిలేసినవాళ్లకు శిక్ష కూడా ఉంటుంది, ర్యాంకు తగ్గుతుంది, కాసేపు ఆడనివ్వదు. మర్నాడు బడిలో అదే జట్టు పిల్లలు వాణ్ని నిలదీస్తారు. మీకు కనిపించింది పిల్లవాడు ఫోను వదలకపోవడం, వాడికి జరిగింది స్నేహితుల ముందు తల కొట్టేసినట్టు అవడం. ఒకబ్బాయి నా ఎదురుగా చాలాసేపు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఏది అడిగినా 'తెలియదు' అనేవాడు. ఆ ఆటలో నీ పని ఏమిటి, జట్టులో నువ్వెక్కడ నిలబడతావు అని అడిగాను. నా ముందున్న కాగితం లాక్కుని పటం గీశాడు. ఇక్కడ నేనుంటాను, ఇటునుంచి వాళ్లు వస్తారు, నేను చూసి చెప్పకపోతే మావాళ్లు చచ్చిపోతారు. ఆ మాట అంటున్నప్పుడు వాడి వెన్ను నిటారుగా అయింది. జట్టు తనను నమ్ముకుందన్న భావం ఆ పిల్లవాడికి మరెక్కడా దొరకడం లేదు.

ఇంకొకటి, ఇవన్నీ ఆపబుద్ధి కాకుండా ఉండేలా తయారైనవే. పుస్తకంలో అధ్యాయం అయిపోతుంది, సినిమా అయిపోతుంది. అంతులేకుండా కిందికి జరుగుతూ పోయే పేజీకి చివర ఉండదు. దాన్ని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ స్వయంగా తర్వాతి కాలంలో దాని గురించి పశ్చాత్తాపపడ్డారు. ఒక వీడియో అయిపోగానే తరువాతిది దానంతటదే మొదలవడం, ఎప్పుడు ఏ బహుమతి వస్తుందో ముందుగా తెలియకపోవడం, ఇవన్నీ మనసును కట్టిపడేస్తాయి. బహుమతి ప్రతిసారీ వస్తే కాదు, ఎప్పుడొస్తుందో తెలియనప్పుడే ప్రాణి ఆ పనిని వదలకుండా చేస్తూ ఉంటుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో, ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో ఎప్పుడో తేల్చారు. కాబట్టి పిల్లవాడికి నిగ్రహం లేదని తిట్టకండి. పెద్దవాళ్లకే చాలని నిగ్రహం అది.

మరి ఎలా ఆపాలి? 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చిన్నపిల్లల తల్లిదండ్రులతో చేసిన అధ్యయనంలో వాళ్లే ఆశ్చర్యపోయిన విషయం ఒకటి బయటపడింది. 'ఇంకా రెండు నిమిషాలే' అని హెచ్చరిస్తే గొడవ తగ్గుతుందని అందరం అనుకుంటాం. పెరిగింది. వీడియో అయిపోవడం లాంటి సహజమైన ఆగే చోటు వచ్చినప్పుడు, లేదా పరికరమే ఆగిపోయినప్పుడు పిల్లలు సులువుగా వదిలారు. అది చిన్నపిల్లల మీద జరిగిన అధ్యయనమే, కానీ పెద్ద పిల్లల విషయంలోనూ ఇది పనిచేయడం నేను చూస్తూ వచ్చాను. కాబట్టి గడియారం చూసి ఆపకండి, ఆట చూసి ఆపండి. ఒక ఆట ఎంతసేపు సాగుతుందో వాణ్నే అడగండి. రోజుకు ఎన్ని ఆటలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆఖరి ఆట మొదలుపెట్టే ముందు మీకు చెప్పాలి, అయిపోగానే పెట్టేయాలి. ఆట నడుస్తుండగా మీరు లాక్కోకూడదు, ఆట అయ్యాక వాడు ఇంకొకటి మొదలుపెట్టకూడదు. ఒప్పందం రెండు వైపులా ఉంటే పిల్లలు నిలబెట్టుకుంటారు. మొదట్లో తప్పుతారు, మళ్లీ గుర్తు చేయాలి.

అంతకు ముందు చేయవలసిన పని ఒకటుంది, చాలామంది దీన్ని దాటేస్తారు. కొన్ని సాయంత్రాలు వాడి పక్కన కూర్చుని ఆ ఆట చూడండి. విమర్శించకుండా, సలహాలు ఇవ్వకుండా. మీ వారు కూర్చుంటే ఇంకా మంచిది. వాడి చేత నేర్పించుకోమనండి. నాన్నకు తాను నేర్పగలిగిన విషయం ఒకటి ఉందంటే ఆ వయసు పిల్లవాడు పొంగిపోతాడు, ఆ తర్వాత మీరు పెట్టే హద్దును వేరేగా వింటాడు.

ఇది వ్యసనమా అని మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చిన మాట నిజం, ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అయితే దానికి కొలతలు గట్టివి. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా అన్నిటికన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, దానివల్ల చదువు, కుటుంబం, స్నేహాలు బాగా దెబ్బతినడం, ఇదంతా మామూలుగా 12 నెలల పాటైనా కనిపించాలి. ఫోను లాక్కుంటే కోపం రావడం ఒక్కటీ వ్యసనం కాదు. ఆ మాట వాడి ముందు వాడకండి. పిల్లలు మనం పెట్టిన పేరులోకి ఇమిడిపోతారు.

పాప విషయంలో నేను ఇంత మెతకగా చెప్పను. తినేటప్పుడు వీడియో ఆపేయండి, ఒకేసారి. వీడియో చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిన సంగతి తెలియదు, రుచి తెలియదు, ఎదురుగా ఉన్న మనిషితో మాట ఉండదు. తినడం నోరు తెరవడంగా మారిపోతుంది. మొదటి కొద్ది రోజులు తక్కువ తింటుంది, ఏడుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు దానివల్ల ఏమీ కాదు. ఆకలి దాని పని అది చేస్తుంది. బరువు సరిగా పెరగడం లేదన్న అనుమానం ముందునుంచే ఉంటే మాత్రం పిల్లల వైద్యుణ్ని అడిగి చేయండి. ఆపడం పాప ఒక్కదానికే అయితే నిలవదు. నలుగురూ కలిసి కూర్చోవాలి, ఏ ఫోనూ అక్కడ ఉండకూడదు. బోర్లా పెట్టిన ఫోను కూడా ఉన్నట్టే.

ఏడుపు ఆపడానికి ఫోను ఇవ్వడం కూడా తగ్గించండి. అమెరికాలో పిల్లల వైద్యురాలైన జెన్నీ రాడెస్కీ బృందం 3 నుంచి 5 ఏళ్ల పిల్లలను కొన్ని నెలల పాటు పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, శాంతపరచడానికి తరచూ ఫోనో ట్యాబో ఇచ్చిన పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, చిన్నదానికే ఉడుక్కోవడం, మనసు ఒక్కసారిగా మారిపోవడం ఎక్కువగా కనిపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. కోపం వస్తుంది, ఎవరో ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు, కాసేపటికి అది తగ్గిపోతుంది. కోపం తగ్గిపోయేదే అని పిల్లలు ఇలా నేర్చుకుంటారు. మధ్యలో ఫోను వచ్చి కోపాన్ని మాయం చేస్తే ఆ పాఠం జరగదు. ప్రయాణంలోనో, మీకు ఒంట్లో బాగాలేని రోజునో ఇచ్చారంటే దిగులు పడకండి. తరచుగా ఇవ్వడమే సమస్య.

అన్నాచెల్లెళ్ల గురించి మీరు రాసిన ఒక్క వాక్యం నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది. ఏడేళ్ల తేడా ఉన్న పిల్లలు కలిసి ఆడాలంటే పెద్దవాడు కొంత దిగాలి, చిన్నది కొంత ఎగరాలి. అందులో తగువులు తప్పవు. తగువు పడగానే చేతికొక ఫోను ఇచ్చి విడదీయడం ఇప్పుడు ఇళ్లలో మామూలైపోయింది. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ తగువులోనే పిల్లలు బేరమాడడం, అలగడం, అలిగినవాళ్లను మళ్లీ పిలుచుకోవడం, ఎదుటివాళ్ల ముఖం చూసి ఎంతవరకు ఏడిపించవచ్చో తెలుసుకోవడం నేర్చుకుంటారు. స్నేహితులతో ఈ పాఠాలు కష్టం, స్నేహితులు వదిలిపోతారు. చెల్లెలు వదిలిపోదు, మర్నాడు మళ్లీ అక్కడే ఉంటుంది.

ముఖాలు చదవడం గురించి ఒక చిన్న అధ్యయనం ఉంది, 2014లో వచ్చింది. 11, 12 ఏళ్ల పిల్లలను 5 రోజుల పాటు ఏ తెరా లేని శిబిరంలో ఉంచారు. తిరిగి వచ్చాక, ఫొటోల్లో, మాటలు వినిపించని వీడియోల్లో మనుషుల భావాలను గుర్తించడంలో వాళ్లు ఇంటి దగ్గరే ఉన్న పిల్లలకన్నా ఎక్కువ మెరుగుపడ్డారు. ఒక్క అధ్యయనం మీద ఇల్లు కట్టలేం. కానీ నాకు అందులో నచ్చింది 5 రోజులన్న మాట. పోయిందనుకున్నది అంత త్వరగా తిరిగి రాగలదు.

మీరు చేయగలిగింది ఇది. రోజూ ఒక అరగంట వాళ్లిద్దరికీ ఏ పనీ చెప్పకండి, ఏ తెరా ఇవ్వకండి, ఏం ఆడాలో కూడా చెప్పకండి. 'ఏమీ తోచడం లేదు' అంటారు. తోచకపోనివ్వండి. ఆ విసుగు కాసేపు భరిస్తే వాళ్లే ఏదో ఒకటి మొదలుపెడతారు. చెల్లెలిని ఆడించమని బాబుకు బాధ్యత అప్పగించవద్దు, వాడికది శిక్షలా అనిపిస్తుంది. తెర చూడాల్సిన వేళ కూడా రెండు చిన్న తెరలకు బదులు ఒక పెద్ద తెర ముందు కలిసి కూర్చోబెట్టండి. ఏది చూడాలో ఇద్దరూ వాదించుకోవాలి, ఒకే చోట కలిసి నవ్వాలి. ఎంతసేపు చూశారన్న దానికన్నా ఎవరితో కలిసి చూశారన్నది నేను ఎక్కువగా అడుగుతాను.

ఇంకో రెండు మూడేళ్లలో బాబు సామాజిక మాధ్యమాల ఖాతా కావాలంటాడు. ఇప్పుడే ఆలోచించుకోండి. చాలా యాప్‌లు 13 ఏళ్లని రాసుకున్నాయి. ఆ అంకె పిల్లల మనసును కొలిచి పెట్టింది కాదు, పిల్లల సమాచార సేకరణ మీద అమెరికా 1998లో చేసిన చట్టం నుంచి వచ్చింది. ఆస్ట్రేలియా 16 ఏళ్ల లోపు వాళ్లకు ఖాతాలు ఉండకూడదని 2024లో చట్టం చేసి 2025 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. నా సలహా, మీ బాబు స్నేహితుల తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి ఒకే వయసు అనుకోండి. ఒక్క ఇంట్లో వద్దంటే ఆ పిల్లవాడు ఒంటరి అవుతాడు. అయిదిళ్లలో వద్దంటే అది మామూలు సంగతి అవుతుంది. తరగతి పిల్లల గ్రూపులో తనను చేర్చుకోకపోవడం, చేర్చుకుని తీసేయడం, తాను లేని చోట తీసిన ఫొటోలు చూడవలసి రావడం, ఇవి ఈ తరం పిల్లలకు నిజమైన గాయాలు. 'ఫోనులో ఎవడో ఏదో అంటే ఏమైంది' అనకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన ఒప్పందం ఇంకొకటి చేసుకోవాలి. భయపెట్టేదో, అసభ్యమైనదో చూసినప్పుడు, ఎవరో తెలియనివాళ్లు బెదిరించినప్పుడు పిల్లలు ఇంట్లో ఎందుకు చెప్పరో తెలుసా? చెబితే ఫోను తీసేస్తారని. ఎన్నోసార్లు విన్నాను ఈ మాట. అందుకని ముందే చెప్పండి: నువ్వు ఏది చూసినా, పొరపాటున ఏం చేసినా, మాకు చెప్పినందుకు ఫోను తీసుకోము. ఆ మాట నిలబెట్టుకోండి. ఇతర తప్పులకు కూడా ఫోను లాక్కోవడాన్ని శిక్షగా వాడకండి. మార్కులు తగ్గితే ఫోను, అబద్ధమాడితే ఫోను అన్నప్పుడు ఆ వస్తువు విలువ వాడి కళ్లలో ఇంకా పెరుగుతుంది. వాడి ఫోను చూడాలనుకుంటే చూస్తామని చెప్పి చూడండి, దొంగతనంగా వద్దు. అలాగే వాడి ఫొటోలు మీరు నలుగురికీ పంపేముందు వాణ్ని అడగండి. తన అనుమతికి విలువ ఉందని ఇంట్లో నేర్చుకున్న పిల్లవాడు బయట ఇంకొకరి ఫొటో పంపేముందు ఆగుతాడు.

ఇదంతా చదివి బెంబేలు పడకండి. బ్రిటన్, అమెరికాల్లో మూడున్నర లక్షల మందికి పైగా కౌమార వయస్కుల వివరాలు పరిశీలించి 2019లో ప్రచురించిన విశ్లేషణలో, వాళ్ల మానసిక క్షేమంలోని తేడాల్లో డిజిటల్ పరికరాల వాడకం వివరించగలిగింది 0.4 శాతమేనని తేలింది. సగటున చూస్తే నష్టం చిన్నదే. ఆ సగటు లోపల బాగా దెబ్బతిన్న పిల్లలూ ఉన్నారు, ఏమీ కాని పిల్లలూ ఉన్నారు. అందుకే వార్తల్లో వచ్చే భయాల కన్నా మీ ఎదురుగా ఉన్న ఇద్దరినీ చూడమంటాను.

ఎలా మొదలుపెట్టాలంటే, మొదటి వారం పిల్లల జోలికి వెళ్లకండి. మీరిద్దరూ మాత్రమే మారండి. తినే చోట మీ ఫోన్లు ఉండవు, రాత్రి మీ ఫోన్లు పడకగది బయట ఛార్జింగ్‌లో ఉంటాయి, అలారానికి గడియారం కొనుక్కోండి. పిల్లలు గమనిస్తారు, బాబు ఎందుకని అడుగుతాడు. అప్పుడు అసలు కారణమే చెప్పండి. రెండో వారం నుంచి పాప భోజనం, వాడి ఆటల ఒప్పందం, రాత్రి అందరి ఫోన్లూ ఒకే చోట పెట్టడం మొదలుపెట్టండి. కొన్ని రోజులు ఇల్లు ఇంతకు ముందుకన్నా గొడవగా ఉంటుంది, దానికి సిద్ధపడండి.

నెల రోజులు నిలకడగా ఇలా చేశాక కూడా బాబు నిద్ర తగ్గిపోతున్నా, బడికి వెళ్లనని మొండికేస్తున్నా, ఇష్టమైన స్నేహితులను కూడా తప్పించుకుంటున్నా, తనను తాను గాయపరుచుకునే మాటలు అంటున్నా పిల్లల మానసిక నిపుణులను కలవండి. ఆ చివరిది కనిపిస్తే నెల దాకా ఆగవద్దు, వెంటనే వెళ్లండి. వెళ్లేటప్పుడు వాడు రోజుకెన్ని గంటలు ఆడుతున్నాడన్న లెక్క కన్నా, ఎన్నింటికి పడుకుంటున్నాడు, ఎప్పుడు లేస్తున్నాడు, ఆఖరుసారి దేనికి మనసారా నవ్వాడు, ఇంట్లో ఎవరితో ఎక్కువ మాట్లాడుతున్నాడు అన్నవి రాసుకుని వెళ్లండి, మాకు అవే ఎక్కువ ఉపయోగపడతాయి. మీ వారిని కూడా వెంట తీసుకెళ్లండి.